సొమ్మకి కొమ్ము

బోర్డు రాసింది పితబాసు.
ఒడియా బడి గుంటడు,
తెలుగు అక్షరాలు ఈ వేసవిలోనే పట్టుకున్నాడు.
రేకు మీద నీలం రంగుతో, నాలుక కొరుక్కుంటూ
"మూర్ఛ రోగుల మందులకు సొమ్మ" అని రాసి
ఎలా ఉందన్నట్టు చూశాడు.
చివర కొమ్ము లేదు.
బాగుంది నాన్నా, అన్నాను.

పర్లాకిమిడి సంత. గురువారం.
ఎండు నెత్తళ్ల గంపలకీ కొండ అల్లం రాశులకీ మధ్య
మేం నలుగురం, తాళం వేసిన పాలపొడి డబ్బా ఒకటి.
తవిటినాయుడు మేస్టారు డబ్బా ఊపుతూ
తెలుగులో ఒకసారి, ఒడియాలో ఒకసారి పిలుస్తారు.
నేను రసీదులు రాస్తాను.
డబ్బా ఊపను. ఊగేవంటే నాకు పడదు.

రెండు రూపాయలు. అయిదు. మళ్లీ రెండు.
జీడిపిక్కలమ్మే ఆవిడ గుప్పెడు పిక్కలు పోసింది.
దానికి రసీదు ఎలా రాయాలో తెలీక
"పిక్కలు, గుప్పెడు" అని రాసిచ్చాను.

టెక్కలి బెల్లం వర్తకుడు బోర్డు చదివి
పొట్ట పట్టుకు నవ్వాడు.
"సొమ్మ అడుగుతున్నారేటమ్మా?
మా ఇంట్లో బోల్డుంది, అట్టుకుపోండి."
ఆ మాట సగంలోనే నవ్వు జారిపోయింది.
దిమ్మల మీద ఈగల్ని తోలుకుంటూ
చాలాసేపు ఇటు చూడలేదు.

మా అమ్మమ్మ దాన్ని కాకిసొమ్మ అనేది.
నాకు తొమ్మిదో ఏట, నూతి గట్టు మీద, మొదటిసారి.
చెప్పు వాసన చూపించారట.
తాళాలగుత్తి గుప్పిట్లో కుక్కారట.
లేచేసరికి అరచేతిలో తాళంచెవి పళ్ల అచ్చు.
ఇంట్లో ప్రతి పెట్టె తాళమూ ఆ గుత్తిలో ఉండేది,
నా జబ్బుని దాచిన పెట్టెది తప్ప.

రాత్రికో మాత్ర. చిక్కుడు గింజలో సగం ఉండదు.
మందు చవకే,
బరంపురం బస్సు టిక్కెట్టే ప్రియం.
గుమ్మ కొండల మీది సుంబారి గమాంగ్
తగ్గింది కదా అని మాత్రలు ఆపింది.
అంబలి పొయ్యి దగ్గర పడింది.
ఎడమ చెయ్యి.
ఇప్పుడు సంతకి దిగిన ప్రతిసారీ
నా ముందొక మాత్ర మింగి, నోరు తెరిచి చూపిస్తుంది,
నేనేదో పోలీసునైనట్టు, నవ్వుతూ.

మధ్యాహ్నం కొమ్ముబొమ్మల భగీరథి మహారణా వచ్చాడు,
చేతుల నిండా నల్లటి పొడి.
ఆయనకి తెలుగు చదవడం రాదు.
ఆ అక్షరం పక్క వంపుని తెలుగులో కొమ్మంటారని
పితబాసు సిగ్గుపడుతూ ఒడియాలో చెప్పాడు.
"శింగా?" అన్నాడు ముసలాయన, నమ్మలేక.
"నలభై ఏళ్లుగా నాకు అన్నం పెడుతున్నది అదే కదా."
రుమాలు మూట విప్పి
కొమ్ము చెక్కులన్నీ గెలికి
వంకర సరిగ్గా తిరిగినదాన్ని ఏరి
తుమ్మజిగురుతో చివర అంటించాడు.
సొమ్మ, సొమ్ము అయింది.
పది రూపాయలు వేసి రసీదు వద్దన్నాడు.

సాయంత్రం లెక్క: పదకొండొందల ముప్పై ఆరు,
పిక్కలు కాక.
పదహారు మందికి నెల మాత్రలు,
లేదంటే ఇద్దరికి బరంపురం రానూ పోనూ.
ఏది ముందని మేస్టారూ నేనూ పోట్లాడుకున్నాం.
తేలలేదు. దీపాలు పెట్టే వేళైంది.

మరో గురువారానికి వానకి జిగురు వదిలి
కొమ్ము ఎటో పోయింది.
బోర్డు మళ్లీ సొమ్మ అడుగుతోంది.
బెల్లం దిమ్మల వెనక నుంచి
రెండు జడల పిల్ల, పదకొండేళ్లుంటాయి,
కనుబొమ మీద కుట్ల మచ్చ,
తండ్రి వేలు విదిలించుకుని వచ్చి
కూడబలుక్కుని చదివింది.
"తప్పు రాసేరు."
"తెలుసు" అన్నాను.
"మరి దిద్దరేటి?"
ఏం చెప్పను. డబ్బా చేతికిచ్చాను.
"ఊపనా?" అంది.
నా వేళ్లు రసీదు పుస్తకాన్ని గట్టిగా పట్టుకున్నాయి.
ఊపమన్నాను.