అనుమతించిన తేడా

బల్లార్షా నుంచి రాజురా దారిలో
వర్ధా వంతెన దాటాక టీ బండి దగ్గర బస్సు దిగాను.
సంచిలో లాప్‌టాప్, రెండు ప్రెషర్ గేజీలు,
మా ఆవిడ కట్టిన జొన్నరొట్టె.
నాకంటే ముందే ట్రాలీ మీద వచ్చి కూర్చుంది
ఐదు టన్నుల ఇనుప దిమ్మ.
ఒంటి మీద సీలు, సీలు పక్కన తేదీ.
దాని బరువు మీద ఎవరికీ అనుమానం లేదు.

ఈ గనిలోకి ఎండ కూడా మెట్లు మెట్లుగా దిగుతుంది.
అడుగున ఎక్స్‌కవేటరు,
నీళ్ల మీదికి వంగి తాగడం మరిచిన బర్రెలా.
తోకల ఓదెలు క్యాబిన్‌లోంచి తల బయటపెట్టి
"మళ్లొచ్చినవా తక్కెడ పట్టుకొని" అన్నాడు.

ఈ మిషన్‌కు బరువు నేరుగా తెలియదు.
బూమ్ కింది సిలిండర్లో నూనె ఎంత నలిగిందో చూసి
లెక్క కట్టి చెబుతుంది.
మనమూ అంతే, మోసేవాడి మొహం చూసి
మూట ఎంతో పోల్చుకుంటాం.

ఖాళీ బకెట్ ఎత్తు. సున్నా నొక్కు.
దిమ్మ ఎత్తు. ఆగు.
ఐదు పాయింట్ ఒకటి రెండు.
దించు. మళ్లీ.
నాలుగు పాయింట్ తొమ్మిది.
నూటికి మూడు దాకా తేడా రావచ్చు,
కాగితం ఒప్పుకుంటుంది.

తిండి వేళ పాత లెక్కలు తెరిచాను.
అన్నీ ఎనిమిదులు, ఎనిమిదికి అటూ ఇటూ,
ఒక్కో బకెట్టుకు ఇరవై సెకన్లు.
శ్రావణంలో ఒక రాత్రి రెండు దాటాక
అంకెలు ఉన్నట్టుండి చిక్కిపోయాయి.
సున్నా పాయింట్ ఆరు.
సున్నా పాయింట్ నాలుగు.
ఒక్కోదానికి మూడు నిమిషాలు, నాలుగు నిమిషాలు.
ఇంత పెద్ద చెయ్యి ఇంత నెమ్మదిగా కదలడం
నేను ఏ గనిలోనూ చూడలేదు.
సెన్సర్ పాడైందనుకున్నాను.
టన్నుకు తక్కువైనవి తుడిచేయమనే నన్ను పంపారు.

"సెన్సర్ మంచిగనే ఉండె,"
రొట్టె తుంచి ఉల్లిగడ్డ నంజుకుంటూ అన్నాడు ఓదెలు.
"ఆ రాత్రి బెంచి జారింది.
పంపు కాడ సోనేరావు ఉండె. టేకాం సోనేరావు.
నీళ్లు పెరుగుతున్నయని మోటరు జరుప పోయిండు.
పారలతోని తీస్తే తెల్లారుతది.
దీనితోని తీస్తే పండ్లు తగుల్తయ్.
గోరుతోని గీకినట్టు గీకిన.
తువ్వాల అంచు కనబడ్డంక
అందరు దిగి చేతులతోని తీసిన్రు.
గంత బురదల పైదాక ఎవడు మోస్తడు?
గోనెసంచి పరిచి బకెట్లనే పండబెట్టిన్రు.
నేను లేపిన."

నీళ్ల సీసా మూత తిప్పాడు.
తాగకుండానే బిగించాడు.

"లేపి, అలవాటు గద, స్క్రీన్ దిక్కు చూసిన.
సున్నా.
మల్ల చూసిన. సున్నానే."

ఎందుకో నాకు తెలుసు.
ఎనిమిది టన్నులకు నూటికి మూడంటే
రెండు వందల నలభై కిలోలు.
ముగ్గురు మనుషులు పక్కపక్కన పడుకునేంత చోటు
ఆ తేడాలో.
చెబుదామని నోరు తెరిచాను.
రొట్టె ముక్క పెట్టుకుని మూశాను.

"లీవర్‌కు ఎర్కయింది," అన్నాడు.
అరచెయ్యి నావైపు తిప్పి, నల్లటి గీతల మధ్య
బొటనవేలి మొదలు చూపించాడు.
"ఇగ ఈడ."

మూడింటికి ఆఖరి పరీక్ష.
ఓదెలు దిగి
బకెట్ పళ్ల సందుల్లో ఎండిన మట్టిని
స్క్రూడ్రైవర్‌తో గీకి, చేత్తో తుడిచి,
మళ్లీ ఎక్కాడు.
"ఇప్పుడు నొక్కు నీ సున్నా."

నొక్కాను.
ఫారంలో రాశాను:
తేడా రెండు పాయింట్ నాలుగు, అనుమతించిన మేరకే.
టన్నుకు తక్కువైన పదిహేడు బకెట్లనూ
వాటి వరసలోనే ఉండనిచ్చాను.
ఆఫీసులో అడిగితే ఏం చెప్పాలో
వంతెన దాటేదాకా తోచలేదు.

తిరుగు బస్సులో కండక్టరు
నా ఒళ్లో సంచి వైపు గడ్డం ఎగరేసి
"వజన్ కితీ?" అన్నాడు.
ఒక చేత్తో లేపి చూశాను.
రెండో చేతికి మార్చి చూశాను.
తెలియదన్నాను.