దిమ్మిస ఇంజను

శుక్కురారం. సజాల గాలాడుతలేదు.
క్యాంపు ఎనుక, ప్రీకాస్టు గోడ నీడల
రేకు పరిచి కూసున్న.
ముంగట చిన్న బండి చట్రం.
ఏ అరబ్బు పిలగాడో ఆడి ఆడి మరిచింది.
ఎర్ర రంగు పొక్కులు లేచి
టాంకు మీద డేగ బొమ్మకు
ఒక రెక్కనే మిగిలింది.
తుక్కు దుకాణపోడు ముప్పై అన్నడు,
ఇరవై దిర్హమ్‌లకు, ఒక చాయ్‌కి ఇచ్చిండు.

ఇంజను మాత్రం మాదే.
ప్లేటు కాంపాక్టరుది.
కంపిని పారేస్తుంటె ఫోర్‌మన్‌ను అడుక్కొని తెచ్చిన.
తొమ్మిదేండ్లు
ఇసుకను, మొరాన్ని దిమ్మిస కొట్టిన ఇంజను.
ఎన్ని రోడ్ల కింద నేలను గట్టి చేసిందో,
ఒక్క రోడ్డు మీద సుత నడువలె.
ఉన్నకాడనే ఎగిరింది, ఉన్నకాడనే దునికింది.
అన్నేండ్లు దాని పిడి పట్టింది లసుమయ్య.

కార్బొరేటరు విప్పితే
పిండి లెక్క సన్నటి దుబ్బ.
పెట్రోలుతోటి కడిగిన, ఊదిన.
లసుమయ్య జర దూరంగ కూసొని చూస్తున్నడు,
చాయ్ గ్లాసును రెండు అరచేతుల నడుమ పెట్టుకొని.
ఒక్క చేతితోటి పడితె
గ్లాసు పోయి పళ్లకు కొట్టుకుంటది.
డాక్టరు గోలీలిచ్చిండు,
కంపిని గ్లౌజులిచ్చింది.

క్లచ్చు కొత్తది, చైనాది.
షాఫ్టుకు ఎక్కియ్యబోతె ఎక్కలె.
షాఫ్టు ఇరవై మిల్లీలు,
క్లచ్చు బొక్క పందొమ్మిది.
సుత్తెతోటి ఒక్కటియ్యిమన్నడు టేక్ బహదూర్,
గేటు కాడ కుర్చీల నుంచే.
ఇయ్యలె. జరీన్ గుల్ లేతు కాడికి తీస్కపోయిన.
ఆయనకు తెలుగు రాదు, నాకు పష్తో రాదు.
బొటనవేలి గోరు చూపిన: గింత.
నవ్వుకుంటనే వెంట్రుకవాసి, వెంట్రుకవాసి గీకిండు.
ఎక్కువ తీస్తె ఊగుతది,
తక్కువ తీస్తె బిగుసుకుంటది.
మూడోసారికి
నూనె రాసిన ఉంగరం తీరు జారింది.
పైసలు తీసుకోలె. నడిస్తె ఒక్క రౌండు, అన్నడు వేలు తిప్పి.

కీ లేదు. సలాక ముక్కను
ఆకురాయి మీద రాకి రాకి చదరం చేసిన.
ముందటి పండ్లచక్రం, ఎనుకటి పండ్లచక్రం
ఒక్క గీత మీదికి రావాలె:
మేస్త్రి లైను దారం గుంజి చూసి
రెండు వాచర్లు లోపటికేసిన.
చెయినుకు అరంగుళం సడలు ఇడిసిన.

గేరేది, అన్నడు లసుమయ్య.
గేరు లేదు.
ఇంజను మెల్లగ తిరిగినంత సేపు
లోపటి లాడాలు స్ప్రింగుల చాటున ముడుచుకొని ఉంటయి.
చక్రానికి ఇంజను సంగతే తెల్వది.
జోరు పెరిగితె లాడాలు ఇచ్చుకొని డబ్బను అదుముతయి.
గప్పుడు కదులుతది.
"నేనెన్నడు మెల్లగ తిప్పలె. తగ్గిస్తె ఫోర్‌మన్ ఒర్రుతుండె."

తాడు గుంజిన. దగ్గింది.
నాలుగోసారికి అందుకుంది.

యాభైకి దగ్గరవడ్డ మనిషి
మోకాళ్లు చెవులకు తాకంగ కూసున్నడు, నెత్తిన పచ్చ టోపీ.
వణికే చెయ్యి రేసు మీద పడంగనే
ఇంజను సుత వణికింది.
క్లచ్చు పట్టుకుంటది, ఇడుస్తది.
పట్టుకుంటది, ఇడుస్తది.
బండి ఉన్నకాడనే ఎగురవట్టింది.
అందరు నవ్విన్రు. నేను సుత నవ్విన,
నవ్వి, నోరు మూసుకున్న.

పాత సైకిలు స్టాండు స్ప్రింగు ఒకటి తెచ్చి
రేసు తీగెకు తగిలిచ్చిన.
ఇగ బలంగ తిప్పితెనే తిరుగుతది,
చిన్న వణుకు దానికి లెక్క గాదు.

పోయిండు.
కంచె దాకా పోయిండు, కంటెయినర్లు సుట్టిండు,
గేటు ముంగటి నేల మీదికొచ్చి
బండిని ఆపి కాలుతోటి తట్టి చూసిండు.
పోయినేడు తాను కొట్టిన దిమ్మిస అది.
కుంగలె.

తిరిగొచ్చిండు. క్లచ్చు డబ్బ కాలిన వాసన.
ఆపుదమని స్విచ్చు మీద చెయ్యి పెట్టిన.
"ఆపకు," అన్నడు.
ఇంజను మెల్లగ మోగుతున్నది.
చక్రం కదుల్తలేదు.
జరీన్ గుల్ చేతులు తుడుచుకొని
పక్కకొచ్చి నిలబడ్డడు, తన రౌండు కోసం.
లసుమయ్య దిగుతలేడు.