పీటల మీది మాట

చిత్తూరు బజారు వీధిలో
చెంగల్రాయులు అంగడికి పోయినా,
జోబీలో పద్దెనిమిది వేలు.
తొందరపడి నష్టానికి పాడుకున్న చీటీ దుడ్డు.

నన్ను చూస్తానే ఆయన
గోడకానిచ్చిన నల్లపెట్టెను ముందుకు లాగినాడు.
"పద్దెనిమిది అంగుళాలు అబ్బోడా,
ఇది మోగితే ముసిలోళ్లు కర్రలు పారేసి ఆడాల."
మీట నొక్కినాడు.
అద్దాల బీరువాలో పిన్నులన్నీ గజ్జెలైనాయి.
పక్కంగట్లో బియ్యం మూటల మీది పిచ్చుకలు
ఒక్కటి మిగలకుండా లేచిపోయినాయి.

అట్లాంటివి రెండు నా బండిలోనే వుండాయన్నా.
అవి రాత్రి ఊరేగింపుకు.
నాకిప్పుడు కావాల్సింది
తెల్లారుజామున నాలుగున్నరకు.

పోయిన మాఘంలో, బంగారుపాళ్యంలో,
ఆ పెట్టెలతోనే ముహూర్తం కూడా జరిపించినా.
అయ్యవారు గోత్రం చెప్తే
కొండ మీంచి గుండు దొర్లినట్టుండింది.
కన్యాదానం చేసే తండ్రి
మాట మొదలుపెట్టబోయి ఊపిరి పీల్చినాడు,
కీమని అరిచింది మైకు.
మూడో వరసలో చంటిబిడ్డ దడుచుకున్నాడు.
ఆ పెద్దాయన మళ్లా నోరు తెరవలేదు,
అన్నింటికీ తలకాయ ఊపినాడు.
దుడ్డు మాత్రం
ఒక్క రూపాయి తగ్గించకుండా ఇచ్చినారు.
అదే ఇంకా అరగలా నాకు.

"చిన్నవి చూపించన్నా, మాట వినిపించేవి."
"చిన్నవాటితో పేరు రాదురా."
గొణుక్కుంటానే దించినాడు.

చుట్టూ ఎర్ర నీలం దీపాలు తిరిగే జత ఒకటి.
వెలుగు చెవికి దేనికన్నా?
నలభైరెండు వేల సీమ సరుకు ఒకటి.
పరాయి బిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తి
జాగ్రత్తగా దించేసినా.
ఇంకొకటి, మూల చెక్క లేచిపోయినది,
పలమనేరులో ఏదో బడి అమ్ముకున్నదంట,
పొద్దున ప్రార్థనకు, హాజరుకు వాడినది.

పాట పెట్టబోయినాడు.
పాట వద్దులే అన్నా.
పాటకు ఏ పెట్టైనా మంచిదే.
అప్పుడే టీ తెచ్చింది కుప్పమ్మ.
"అక్కా, దీంట్లో ఏమన్నా మాట్లాడు."
"నాకేం వచ్చు నాయినా మాట్లాడేదానికి?"
"నీ పేరు చెప్పు చాలు."
చెయ్యి కొంగుకు తుడుచుకోని
మైకును కాలే గలాసు మాదిరి పట్టుకునింది.

దీపాల పెట్టెలో ఆమె పేరు
రేకు మీద రాయి పడినట్టు పడింది.
ఇంకోదాంట్లో 'ప్పమ్మ' మాత్రమే మిగిలింది.
బడి పెట్టెలో,
"కుప్పమ్మ. ఆరు టీలు, అరవై రూపాయలు.
నిన్నటి బాకీ కూడా వుండాది, మర్చిపోవద్దు."
బుగ్గనున్న ఆకువక్క,
ఊడిన పన్ను సందులో జారే గాలి,
ఇంకా నాలుగంగళ్లు తిరగాలనే తొందర,
అన్నీ వినపడినాయి.
చెంగల్రాయులు గల్లాపెట్టె తీసినాడు.

ఇరవైరెండు చెప్పినాడు.
పదిహేడున్నరకు దిగేలోపు
రెండు టీలు, ఒక అలక.
మిగిలిన అయిదొందల్లో
మైకుకు స్పంజి టోపీ.

పుత్తూరు కల్యాణమండపం.
ఒకటి పందిరి పక్కన, చెవి ఎత్తులో,
ఒకటి వెనకాల, భోజనాల తలుపు దగ్గర.
గురుమూర్తి అయ్యవారు అలవాటుగా కేక పెట్టినాడు,
నలభై ఏండ్లుగా మండపాలతో పోట్లాడిన గొంతు.
రెండో మంత్రానికి
తన మాట చివరి వరసదాకా చెక్కుచెదరకుండా పోయేది
తనకే వినపడింది.
మెల్లగా దిగినాడు.
నడిమధ్యలో ఒకతూరి నా పక్క చూసినాడు.

పెండ్లికూతురి తండ్రి
కూతురి పేరు పలికినాడు,
మధ్యలో ఒక చోట గొంతు విరిగింది.
ఆ విరుగుడు కూడా వచ్చింది పెట్టెలోంచి.
నేను దాన్ని సరిచెయ్యలేదు.

తలంబ్రాలైనాక
మేళగాళ్లు గుటకేసుకునే సందులో,
తెరిచిపెట్టిన మైకు దగ్గర
పెండ్లికొడుకు గుసగుసగా,
"నీకూ తిమ్మిరెక్కిందా కాలు?"
"రెండూ," అనింది ఆ బిడ్డ.

నాలుగొందల మంది ఒకటే నవ్వు.
తగ్గించాల్సిన మీట మీదే వుండాది నా వేలు.
ఏం కంపెనీ పెట్టెలని
ఒక్కరూ అడగలేదు ఆపొద్దు.
వేలు అట్లే పెట్టుకోని
ఇంకేమన్నా అంటారేమోనని చూస్తా వుండా.