ఏడో నంబర్ గది

చీటీ మీద ఇట్ల ఉన్నది:
ఆదివారం, సాయంత్రం ఆరున్నర,
ఫాతిమా బ్రిడ్జి దిగినంక పాత బడి, 7వ గది.
ఎంజీఎంల నైట్ డ్యూటీ సిస్టర్ రాసిచ్చింది
సెలైన్ సరిజేసుకుంట, నా మొకం దిక్కు చూడకుంట.
పదకొండు రోజులు జేబులనే ఉన్నది.
అంగీతోని ఒక ఉతుకుడు గూడ అయింది.
ఏడు ఇప్పుడు ఒకటి లెక్క కనవడుతాంది.

కొత్తవాడల జంపఖానాలు నేస్త.
నీలం పట్టీ, ఎనుక తెలుపు, ఎనుక ఎరుపు,
ముప్పై ఏండ్లు చేతులే లెక్కవెట్టుకున్నయి.
పోయిన ఆషాఢంల తెలుపు రెండుమాట్ల పడ్డది.
సొసైటీ మేనేజరు బట్టను ఎండల పరిచి
ఒక్క మాట అనలే.
ఆ తెల్ల గీతను వేలుతోని ఇట్ల నిమిరిండు, గంతె.

షేర్ ఆటో దిగిన. తుంపర.
ఇగ అడగాలె. ఏమని అడగాలె?
వైన్స్ ఏడున్నదంటె చిన్న పోరడు గూడ చెప్తడు,
షట్టర్ దించినంక ఏ కిటికి కొట్టాలెనో అది గూడ చెప్తడు.
తాగుడు మానెటోళ్ళ మీటింగ్ ఏడ అని అడగాలంటె
ముందుగాల నేనెవన్నో చెప్పుకోవాలె గద.

పాన్‌డబ్బా ఆయనను అడిగిన: "ఈడ బడి ఏడనే?"
"పిల్లగాని అడ్మిషనా?"
ఔనన్న.
అబద్ధం నాకు మంచిగ వచ్చు, సరోజనకు ఎరుక.
ఆయన రంగుల బస్సులున్న బడి చూపెట్టిండు.
వాచ్‌మన్ గేటు కాడనే ఆపిండు.
మల్ల ఎనుకకు. ఏడైంది.

నా లోపట ఒకడున్నడు.
మగ్గం మీద పని ఎన్నడు యాదికుండదు గని
వైన్స్ మూసే టైమ్ వానికి నిమిషాలతో సహా ఎరుక.
"పోయినవ్, ఎతికినవ్, దొరకలే.
ఇండ్ల నీ తప్పేమున్నదిర?" అంటాండు,
భుజం మీద చెయ్యేసి
లైట్ల బోర్డు దిక్కు మెల్లగ నడిపిస్తాండు.

మక్కకంకులు కాల్చే ఆమె పిలిచింది.
"ఓ పిలగా, చీటి వట్టుకోని మూడుమాట్ల పోయినవ్.
గండ్లకేనా?"
నేను ఏం అనలే.
"అందరు గట్లనే తిరుగుతరు మొదటి దినం.
అగో, ఆ తుప్పు గేటు. చెప్పులు చూస్కుంట పో."
విసనకర్ర ఆపలే. నిప్పురవ్వలు లేస్తానయి.

ఒకటో గదికి తాళం.
రెండు, మూడు, అన్ని తాళాలే.
చివరి గది ముందట ఒక్క జత చెప్పులు.
లోపట రెండో తరగతి బెంచీలు, గోడకు గుణింతాలు,
ఒక ముసలాయన కుర్చీలు మడతేస్తాండు.
"అయిపాయె బిడ్డా. ఇప్పుడే పోయిన్రు అందరు."

నాకు, సిగ్గు ఇడిసి చెప్తాన, పానం తేలికైంది.
తిరిగిన.
"ఆగు. ఎన్ని రోజులాయె?"
"వారం..." అన్న. "మొన్నటి సంది..." అన్న.
గోడ మీద 'క'కు దీర్ఘమిస్తె 'కా'.
"ఇయ్యాల పొద్దుగాల" అన్న.

ఆయన మడతేసిన రెండు కుర్చీలు మల్ల తెరిచిండు.
"ఇద్దరుంటె మీటింగే."
పేరు ఇన్నయ్యనట. రైల్వేల పాయింట్స్‌మన్.
ఒక రాత్రి తప్పు లీవర్ గుంజిండట,
గూడ్స్ బండి పోరాని పట్టా మీదికి పోయిందట.
"ఎవ్వలు సావలే. గదే పాడైంది.
ఎవ్వలు సావలేదని ఇంకో ఆరేండ్లు తాగిన."
నవ్విండు. నాకు నవ్వాల్నో వద్దో తెలువలే.
ఫ్లాస్కుల అడుగున మిగిలిన చాయ, సల్లారింది,
నా గ్లాసు అంచు పళ్ళకు తాకి టకటక కొట్టుకుంటాంది.
ఆయన ఇన్నడు. ఇననట్టున్నడు.

"ఇగ నువ్వు చెప్పు."
సాంబమూర్తి, అన్న.
దాని ఎనుకటి మాట గొంతుల ఇరుక్కున్నది.
బయట రైలొచ్చింది, పోయింది, కిటికీలు కుదుటవడ్డయి.
ఆయన గడియారం దిక్కు చూడలే.
చెప్పిననో లేదో, ఎంత చెప్పిననో,
ఇప్పుడు యాదికి లేదు.

లేసేటప్పుడు చీటి అడిగిండు.
పిల్లల బల్ల మీద వెట్టి, అద్దాలు పైకి జరిపి,
మాసిపోయిన ఏడును పెన్నుతోని దిద్దిండు.
ఒకసారి. మీదికెళ్ళి ఇంకొకసారి.