ఏడో గడి

నేను రాసేది చావుల లెక్క.
పుట్టుకలదీ నాదే గానీ
ఆ ఆషాఢంలో ఆ పుస్తకం దుమ్ము దులిపే పనే పడలేదు.

జగన్నాథం యాత్రకెళ్లినవాళ్లు
ప్రసాదంతో పాటు గత్తర మోసుకొచ్చారని
ఇనస్పెక్టరుగారి రిపోర్టు.
అమ్మవారికి కోపం వచ్చిందని ఊరి రిపోర్టు.
నాకు రెండూ అక్కర్లేదు.
పేరు, తండ్రి పేరు, వయసు, కులం,
రోగం, ఎన్ని గంటలకి,
ఏడో గడిలో వీధి.
కింద సంతకం, దానిమీద చిటికెడు ఇసుక.

చికాకోలు మునిసిపాలిటీకి
అద్దుడు కాగితాల బడ్జెట్టు లేదు.
నాగావళి ఇసుక జల్లెడ పట్టి
కొబ్బరి చిప్పలో పోసి ఉంచుకునేవాణ్ణి.
ఎంత సిరా అయినా గుటుక్కున తాగేసేది.

సాయంత్రానికి ఏడో గడిలోని వీధులన్నీ
చీటీ మీదకెక్కించి లాల్ సాహెబుకిస్తే
తెల్లారి అతను నూతుల్లో మందు వేసేవాడు.
నీళ్లు వంకాయ రంగు తిరిగేవి.
నెత్తురు కలిపాడని ఒక వీధివాళ్లు రాళ్లు రువ్వారు.
ఇంకో వీధిలో ఎవరో ముసలమ్మ
నూతికి బొట్టు పెట్టి హారతిచ్చింది.

మా పెరటి గోడకి అడుగున ఓ రేకు తలుపు.
చీకటుండగానే కిర్రుమంటుంది.
గురువులమ్మ వచ్చిందన్నమాట.
బొచ్చె గీరిన చప్పుడు, మళ్లీ కిర్రు.
పదకొండేళ్లు విన్నాను ఆ చప్పుడు.
మొహం చూడలేదు.

అందుకే ఆవేళ ఆఫీసు మెట్ల కింద
నిలబడ్డ మనిషెవరో పోల్చలేకపోయాను.
బంట్రోతు చెప్పాల్సి వచ్చింది.

"దాలిగాడు బాబూ. తొమ్మిదేళ్లు.
రేతిరి మొదలయింది,
కోడి కూసేతలికి ఎల్లిపోనాడు."

రాశాను.
"వీధి?"

"మాకు ఈదేటి బాబూ. ఈది నేదు.
కాలవ ఆకర్న ఉంతాం."

గోడకి వేలాడే ఊరి పటం దగ్గరికెళ్లాను.
పెద్ద బజారులో పుట్టింది కాలువ, నీలం గీత.
పక్కన ప్రతి సందుకీ పేరుంది.
ఏటికి వేలెడు దూరంలో గీత ఆగిపోయింది.
అక్కడ ఖాళీ కనిపించిందని కాబోలు
పటం గీసినాయన దిక్కుల గుర్తు వేసుకున్నాడు.
బాణం, బాణం చుట్టూ పువ్వులు.

"ఎన్ని గుమ్మాలు?"
"నలభై. నిన్నటికి."

"గీత పెట్టెయ్యవోయ్," అన్నాడు పెద్ద గుమాస్తా.
పాత పుటలు తిప్పాను.
ఏడో గడిలో గీతలు. పదిహేడు.
అన్నీ నా చేతివే.
గీత చీటీలోకెక్కదు.
గీతకి లాల్ సాహెబు వెళ్లడు.

కాలవాకరి వీధి, అని రాశాను.
అలాంటి వీధి లేదయ్యా అన్నాడాయన.
ధైర్యమని చెప్పను. ఆయన వంగి చూసేలోపు,
సిరా ఆరకముందే పుస్తకం మూసేశాను.
ఆ అక్షరాలు ఎదుటి పుటకి కూడా అంటుకున్నాయి.

తెల్లారి లాల్ సాహెబు వెంట నేనూ వెళ్లాను.
నుయ్యి లేదు.
ఏటి ఇసకలో మోకాలి లోతు చెలమలు.
గొంతుక్కూర్చుని చిటికెడు వేశాడు.
రంగు ఒక్క క్షణం నిలిచింది,
ఇసుక తాగేసింది.
మళ్లీ వేశాడు. మళ్లీ తాగేసింది.
"దీనికి అడుగు లేదు గుమాస్తా గారూ!"
కుండలు చంకన పెట్టుకుని ఆడవాళ్లు
మమ్మల్నే చూస్తున్నారు.

సరే, కుండకుండకీ వేద్దామన్నాను.
ముప్ఫై ఎనిమిది గుమ్మాలు.
ఎండెక్కింది. నా వేళ్లకంటిన రంగు
అన్నంలో కూడా వదల్లేదు.

మూడోనాడు చీకట్లో రేకు తలుపు కిర్రుమంది.
లేచి కూర్చున్నాను.
ఏమని పిలవను? పిలిచి?
బొచ్చె గీరిన చప్పుడు.
మళ్లీ కిర్రు.

నెలాఖరుకి చీటీ తిరిగొచ్చింది.
"సదరు వీధి పటమందు కానరాదు.
మందు ఖర్చు ఆరణాలు
గుమాస్తా జీతమున కోత."

సంతకం పెట్టాను.
కొబ్బరి చిప్ప వైపు చెయ్యి వెళ్లింది, ఆగింది.
సిరా తనంతట తానే ఆరేదాకా
అలా కూర్చుండిపోయాను.