రెండో దిండు మీద

హిమాయత్‌నగర్‌లో, జిరాక్స్ షాపు మీది అంతస్తులో
మా టూర్ల ఆఫీసు.
గోడ మీద ఒక ఫియర్డ్ పోస్టరు.
ఏసీ నీళ్ళు కారి కారి
కొండ ఒకవైపు ఉబ్బింది.

పదకొండేళ్ళుగా ఆ నీళ్ళకి టికెట్లు రాస్తున్నాను.
ఏ హోటల్లో ఏ కిటికీ జలపాతం వైపు తెరుచుకుంటుందో
ఏ గదికి కార్ల పార్కింగే దక్కుతుందో
నాకు తెలుసు.
బాత్రూం నేల వెచ్చగా ఉంటుందనీ
పొద్దుటి ఫలహారంలో చేపలే ఆరు రకాలనీ
పెరుగు మాత్రం అడిగి తీసుకోవాలనీ తెలుసు.
ఉత్తరానికి నేను పోయింది
మేడ్చల్ దాకా.

దామోదర్ గారు వచ్చినప్పుడు చంకలో అట్లాసు.
కరెంటాఫీసులో ముప్పై నాలుగేళ్ళు.
శంకర్‌పల్లి ప్లాటు అమ్మిన చెక్కు
ఇంకా మడత కూడా పడలేదు.
"నీళ్ళల్లకెల్లి కరెంటు తీసే దేశం బిడ్డా.
ఆ లైట్ల కింద ఒక్కసారి పండుకోవాలె.
మంచి హోటళ్ళే చూడు.
వకుళ జన్మల హోటల్ల పండలే."

పదకొండు రాత్రులు.
ఒకే పెద్ద మంచం వద్దు, రెండు వేర్వేరు.
ఆయన గురక సంగతి ఆమె
నా పెన్ను మూత వైపు చూస్తూ చెప్పింది.

మార్చిలో డబ్బు కట్టారు.
ఏప్రిల్లో ఆయన పోయారు.
నేను రద్దు నిబంధనలు తిరగేస్తుంటే
ఆమె ఫోన్ చేసి,
"వండినంక అన్నం పారబోస్తరా? నేను పోత" అంది.

జూన్. రాత్రి రెండున్నర.
విద్యానగర్‌లో నా మంచం పక్కన ఫోన్ మోగింది.
"పొద్దు గూకుతలేదు బిడ్డా. ఈడ పదకొండైంది.
పరదా గుంజితే వస్తలేదు."
"గుంజకండమ్మా.
దీపం వెనకాల రెండు బటన్లుంటాయి.
కిందిది నొక్కండి."
సన్నగా ఒక గరగర.
ఏడు వేల కిలోమీటర్ల అవతల పరదా దిగడం
చీకట్లో కూర్చుని విన్నాను.

"నువ్వు ఈడికొచ్చినవా ఎప్పుడన్న?"

మా గల్లీలో కుక్క మొరిగింది.
ఆమె మళ్ళీ అడగలేదు.

కాసేపటికి, గొంతు తగ్గించి,
"మాపటీలి ఒక పిల్ల వస్తది.
దుప్పటి సదిరి, దిండు మీద చాక్లెట్ పెడ్తది.
రెండో దిండు మీద గూడ."

కాగితాల్లో ఇద్దరే ఉన్నారు. నేనే మార్చలేదు.
మారిస్తే గది మారేది, ఆ కిటికీ పోయేది.
అదీ ఒక కారణం.
"ఒక్కటే పెట్టమని చెప్పనా అమ్మా?
ఇప్పుడే మెయిల్ రాస్తాను."

ఫోన్లో నీళ్ళ చప్పుడు.
జలపాతం కావచ్చు. కట్టెయ్యని కుళాయి కావచ్చు.
"వద్దు తియ్. మంచిగ కొలిచినట్టు పెడ్తది,
నడిమిట్ల."

జులైలో, ముసురు పట్టిన రోజు
తడిసిన గొడుగుతో మెట్లెక్కి వచ్చింది.
స్టీల్ డబ్బా మూత తీసింది.
బంగారు కాగితం, నీలం కాగితం,
ఊరికో రంగు.
కొన్ని కరిగి ఒకదానికొకటి అంటుకున్నాయి.
తన వాటా ఏ రోజుది ఆ రోజే తినేసిందట.
"ఇవి సారువి. నువ్వు తిను."
లెక్కపెట్టాను. పది.
పదకొండోది ఏమైందని అడగలేదు.

"ఎట్లా ఉందమ్మా అక్కడ?"
చాలాసేపు ఆలోచించింది.
"నేల వెచ్చగుంటది. నిద్ర పట్టనప్పుడు
చెప్పులేసుకోకుంట తిరిగిన."

లేచి, గోడ దగ్గరికి నడిచి
పోస్టర్ మీద వేలు పెట్టింది.
"గీ కొండ గిట్లుండదు. నున్నగుంటది.
రోజు చూసిన కదా."
బొటనవేలితో ఉబ్బుని అదిమింది.
చెయ్యి తియ్యగానే
కొండ మెల్లగా మళ్ళీ లేచింది.
ఇంకోసారి అదిమింది.