రంగు గడి

సఖినేటిపల్లి నుంచి పంటు ఒడ్డుకి వచ్చేటప్పటికి
నేను నరసాపురం రేవులో
అగ్గిపెట్టె కోసం జేబులు తడుముకుంటున్నా.
దూరం నుంచి కొబ్బరి లోడనిపించింది.
దగ్గరకొచ్చాక కదిలింది.

పద్నాలుగు మంది.
రేవులో ఉన్నవాళ్ళంతా తలో చెయ్యీ వేశారు, నేను తప్ప.
నాకు నెత్తురంటే భయం. ఇప్పుడు దాచడమెందుకు.

లేసు కంపెనీలో గుమాస్తాని. ముప్పై ఒక్క ఏళ్ళు
అవే గళ్ళు:
పేరు, ఊరు, సైజు, రంగు,
ఇచ్చిన తేదీ, తిరిగొచ్చిన తేదీ.
మిషన్ ఆస్పత్రి వరండాలు కూడా నిండిపోయి
మా గోదాము తలుపులు తీసినప్పుడు
రాయడానికి ఉన్నది ఆ పుస్తకమే.

పేరు: కొల్లాబత్తుల యోనా. ఊరు: కేశనకుర్రు.
సైజు: నాలుగంగుళాలు, ఎడమ తొడ.
రంగు దగ్గర కలం ఆగింది.

జబ్బకి కట్టిన పట్టీ ఏ పక్షానిదో
ఒండ్రులో, నెత్తుట్లో తెలియలేదు.
అడగొచ్చు.
పక్క చాప మీదవాడు కూడా వింటున్నాడు.
ఇద్దరూ నొప్పిని సలుపనే అంటున్నారు.

సువార్తమ్మ టేబుల్ కవర్లు తెచ్చింది,
జర్మనీ ఆర్డరు, డజను, ఓడ రాక ఆగిపోయినవి.
కట్లు కడదామని.
డాక్టరమ్మ ఒకటి వెలుతురుకేసి పట్టి చూసి నవ్వేసింది,
ఆ నెల్లో ఆవిడ నవ్వడం అదొక్కసారే.
"అన్నీ చిల్లులే కదే, నెత్తురు నిలుస్తుందా?"
సువార్తమ్మ మాట్లాడలేదు. అరుగు మీద కూర్చుని
చివరి ముడి ఎక్కడుందో గోటితో వెతికి
లాగడం మొదలుపెట్టింది.
మూడు నెలల పువ్వులు, నెమలి కళ్ళు, అంచు గొలుసు
దీపాలు పెట్టేవేళకి ఉండలయ్యాయి.
పెళ్ళిళ్ళ గుండిగలో ఉడకేసింది.
ఆ దారంతోనే కుట్లు.

ఊరంతా మంచిదేం కాదు.
రైసుమిల్లు గేటుకి రెండు తాళాలు పడ్డాయి.
మా ఇంటి గోడ మీద ఎవరో బొగ్గుతో రాసిపోతే
మా ఆవిడ పేడతో అలికేసింది,
ఏం రాశారో ఇప్పటికీ చెప్పలేదు.
ఓలేటి నూకాలు మాత్రం రోజూ బొమ్మిడాయిల పులుసు తెచ్చి
ప్రతి చాప దగ్గరా అదే అడిగేది:
"మా ధర్మారావు కనపడ్డాడా బాబూ, పైపన్ను విరిగుంటది."
చూశానన్నవాడికీ చూళ్ళేదన్నవాడికీ
ఒకే గరిటె.

రాత్రిళ్ళు కరెంటు లేదు. లేసు మూటల మధ్య చీకట్లో
కుడి గోడ వైపు నుంచి ఒకడు, పోటు ఎప్పుడని.
ఎడమ గోడ వైపు నుంచి ఇంకొకడు,
"తెల్లారగట్ల. నీ చేలో ఉప్పెక్కుద్ది, గట్టేయించావా?"
ఆ తర్వాత చాలాసేపు
దోమలే.

పదకొండో నాడు ఒక జీపు. పదమూడో నాడు వేరేది.
దిగినవాళ్ళు వేరు, అడిగింది ఒకటే. రిజిస్టరు.
రంగు గడి వెంట వేలు కిందికి జారింది:
తెలుపు, తెలుపు, గోధుమ, తెలుపు.
"ఏంటిది?"
"దారం రంగండి. ఎవరికి ఏ దారంతో కుట్టారో అది.
లేసు కంపెనీ పుస్తకం కదండి, ఆయ్."
బల్ల కింద నా మోకాళ్ళు కొట్టుకుంటున్నాయి.
రాసింది నిజమే కాబట్టి
గొంతు మాత్రం వణకలేదు.

కొందరు చీకటి పడ్డాక నాటు పడవల మీద వెళ్ళిపోయారు.
యోనా కుంటుకుంటూ వెళ్ళాడు, నా గొడుగు పట్టుకుపోయాడు.
తిరిగొచ్చిన తేదీ గడిలో
వెళ్ళిన తేదీ వేశాను.
ఆడిటరు చూస్తే ఒప్పుకోడు.
ఆడిటర్లు రావడం మానేసి చాలా కాలమైంది.

ఒక్క పేజీ దగ్గర మాత్రం ఇప్పటికీ వేలు ఆగుతుంది.
ఇరవై ఏళ్ళు కూడా ఉండవు. రెండు రాత్రులున్నాడు,
నోరు విప్పలేదు.
పేరు గడిలో: మూడో ట్రిప్పు, ఇంజను పక్క.
ఊరు గడిలో గీత.
రంగు గడిలో గోధుమ.
తెల్ల దారం అప్పటికి అయిపోయింది.